కుప్పుస్వామి పిలవలేదు

చౌడేశ్వరమ్మ నూలు కార్డు పోయింది ఒక శుక్రవారం నాడు, పట్టపగలు, నగరి నేతవీధి చావడిలో. ఎవరూ దొంగిలించలేదు. ఆమే కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పడిన ఆ కాగితాన్ని తీసి, పెద్దసెట్టి ముందు చాప మీద రెండు చేతులతో పెట్టింది. మరిది చెంగల్రాయుడు దాన్ని ఒక చేత్తో తీసుకున్నాడు.

గంగాధరం అయ్యవారు ఆ సమయంలో గోడకు ఆనుకుని కూర్చుని, భుజం మీది ఉతికిన ఉత్తరీయం అంచును వేళ్ళతో నలుపుతున్నాడు.

ఆ ఉత్తరీయం కోసం అతను బడి నుంచి ఇంటికి ప్రత్యేకంగా వెళ్ళి వచ్చాడు. పొద్దున చెంగల్రాయుడు బడి గుమ్మం దగ్గర నిలబడి, "అయ్యవారూ, మీ కథ అచ్చులో పడిందంట గదా. పెద్దసెట్టి మిమ్మల్ని చావడికి రమ్మన్యాడు. నలుగురూ కూడతాండారు" అన్నాడు. అమావాస్య కాబట్టి వీధిలో మగ్గాలు ఆగి ఉన్నాయి. నగరిలో అంతవరకూ అచ్చులో పేరు పడినవాళ్ళు లేరు. శాలువా కాకపోయినా చేతిలో ఒక నిమ్మకాయైనా పెడతారని గంగాధరం అనుకున్నాడు. భార్య జ్ఞానాంబ పోయిన ఈ పదినెలల్లో అతన్ని ఎవరూ ఏ మంచి పనికీ పిలవలేదు.

వీధి కట్టుబాట్లు చూసే పెద్దసెట్టి వెంకటముని వారపత్రికను మోకాళ్ళ మీద పరుచుకుని, దారం కట్టిన కళ్ళజోడులోంచి చదువుతున్నాడు. పోగులు చూసుకునే అలవాటు కొద్దీ ఒక్కొక్క మాట మీద వేలు పెట్టి, ఆగి ఆగి చదివాడు.

"'కిటికీకి కిరసనాయిలు డబ్బా రేకు కొట్టిన ఇల్లు.' ఇది మన కుప్పుస్వామి ఇల్లు గదప్పా?"

"ఆయప్పదే," అన్నారు ఇద్దరు ముగ్గురు.

"'మామిడిపిందె రంగు కోకకు జంట గీతల అంచు.' ఈ అంచు మన వీధిలో ఇంకెవురు నేస్తారు?"

"ఎవురూ నెయ్యరు."

"పేరు మటుకు వీరమ్మ అని మార్చినాడులే," అన్నాడు వెనక కూర్చున్న ముసలాయన. "మొగానికి ముసుగేసి కాలికి కడియం ఉంచితే, ఆడమనిషి ఎవురో తెలవదా?"

నవ్వారు. గంగాధరం కూడా కొంచెం నవ్వాడు. పెద్దసెట్టి పేజీ తిప్పి, గొంతు సవరించుకున్నాడు.

"'లోపలి గదిలోంచి మొగుడు నీళ్ళు అడిగాడు. అడ్డపోగు పరిచే నాడె చేతిలో ఉంది. మధ్యలో లేస్తే బట్టలో గీత పడుతుంది. ఒక్క నాడె వేసి వస్తా, అంది వీరమ్మ. ఇంకోసారి పిలిచాడు. ఒక్క నాడె, అంది. మూడోసారి పిలుపు రాలేదు.'"

చావడిలో ఎవరూ దగ్గలేదు, కదల్లేదు. ఆ నిశ్శబ్దాన్ని గంగాధరం మెప్పు అనుకున్నాడు.

"ఇది మీరు రాసిందేనా అయ్యవారూ?"

"నేనే రాశాను."

"ఆ ఇల్లు, ఆ అంచు, ఆ గుంత మగ్గం, ఇవన్నీ చూసినవేనా?"

"అన్నీ చూసినవే. కుప్పుస్వామి మగ్గం పక్కన నేనెన్ని సాయంత్రాలు కూర్చున్నానో మీకు తెలియనిదా?"

"మద్దెలో అబద్దాలేమన్నా కలిపినారా?"

గంగాధరం వెన్ను నిటారుగా చేసుకున్నాడు. "చూడనిది నేను రాయను సెట్టిగారూ. అనుభవం లేని రాత పేలపిండి, ఊదితే పోతుంది."

అది అతను చాలాకాలంగా దాచుకున్న మాట. బాగానే చెప్పాననుకున్నాడు.

అప్పుడు స్తంభం వెనక నుంచి చౌడేశ్వరమ్మ లేచి నిలబడింది. ఆమె అక్కడుందని అతను అంతవరకూ చూడలేదు. భర్త కుప్పుస్వామి చనిపోయి మూడు నెలలు. మొహంలో ఎముకలు తేలాయి.

"ఆయప్ప పోయిన పొద్దు ఈ అయ్యవారు మా ఇంటికి రాలేదు. అడగండి," అంది.

"రాలేదు," అన్నాడు గంగాధరం తత్తరపడి. "ఆ నీళ్ళ సంగతి..."

"రాకుండా ఎట్ల రాస్తాడు వదినా?" అన్నాడు చెంగల్రాయుడు. "చూడనిది రాయనని ఇప్పుడే గదా అనె. పదిమందీ వినిరి."

"నేను మగ్గం దిగి ఆయప్ప దగ్గరే కూకోనుంటి. లేచిన చోట బట్టలో గీత పడె. ఇంత వెడల్పు గీత." ఆమె వేలు చూపించింది.

పెద్దసెట్టి కళ్ళజోడు తీశాడు. గీత సంగతి అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. మగ్గం పూటల తరబడి ఆగితే, మళ్ళీ మొదలుపెట్టిన చోట నేత పలచబడి అడ్డంగా గీత తేలుతుంది. ఎంత చెయ్యి తిరిగినవాడైనా దాన్ని దాచలేడు.

"సూపించు. గీత ఉంటే నేనే అందరికీ చెప్తా. ఆ బట్ట యాడుండాది?"

"ఇంట్లో వేరే కొత్తగుడ్డ లేకపోయె. అదే కోసి ఆయప్ప మీద కప్పితిమి," అంది చౌడేశ్వరమ్మ.

"సరిపోయె!" అన్నాడు చెంగల్రాయుడు. "సాక్షిని గుంతలో పెట్టి మన్ను కప్పి వచ్చినాది."

యుద్ధం అయిపోయినా నూలు మాత్రం ఇంకా కార్డుల మీదే వస్తోంది. మగ్గానికి ఒక కార్డు. కుప్పుస్వామి పేర ఉన్న కార్డు భార్య పేరుకు మారాలంటే పెద్దసెట్టి సంతకం కావాలి. దానికోసమే ఆమె ఆ కాగితాన్ని తెచ్చుకుంది.

"మొగుడికి గుక్కెడు నీళ్ళు పొయ్యని చేతికి నూలిస్తే వీధికి మంచిది గాదు," అన్నాడు పెద్దసెట్టి. అతని గొంతులో కోపం లేదు. "కార్డు తమ్ముడి పేరుకు రాస్తా. మగ్గం వాడు నేసుకుంటాడు. చౌడమ్మ వాళ్ళింట్లో నూలు కండెలు చుట్టుకోని ఇంత గంజి తాగొచ్చు."

"సెట్టిగారూ, అది కథ," అన్నాడు గంగాధరం.

"కథే. కాదన్యామా? వీధిలో జరిగింది మాకు తెలవకపాయె, మీరు తెలిపితిరి." అతను పక్కకు తిరిగాడు. "అయ్యవారికి నిమ్మకాయ ఇయ్యండప్పా."

ఎవరో నిమ్మకాయ తెచ్చి అతని చేతిలో పెట్టారు. గంగాధరం దాన్ని తీసుకున్నాడు.

మర్నాడు శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం అతను నేతవీధికి వెళ్ళేసరికి చెంగల్రాయుడు, ఇంకొకడు కలిసి మగ్గం విప్పుతున్నారు. పోగులు దువ్వే పన్నెను గోనెగుడ్డలో చుట్టి పక్కన పెట్టారు. బట్ట చుట్టే దోనెను ఇద్దరూ చెరో కొస పట్టుకుని అడ్డంగా తిప్పి గుమ్మం దాటించారు. చౌడేశ్వరమ్మ గుంత అంచున కూర్చుని, తెగిన పోగులను ఒక్కొక్కటిగా ఏరి బొటనవేలికి చుట్టుకుంటోంది. వాటితో ఇక చేయడానికి ఏమీ లేదు. అయినా ఏరుతోంది.

"చౌడమ్మా," అన్నాడు గంగాధరం గుమ్మం బయట నిలబడి. "నేను పేరు మార్చే రాశాను."

"పేరు మార్చి ఇల్లు ఉంచితిరి."

గంగాధరం రేకు కొట్టిన కిటికీ వంక చూశాడు. ఆ రేకు మీద తుప్పు ఏ ఆకారంలో ఉందో కూడా కథలో రాశాడు. ఆ తుప్పు గురించి రాసిన వాక్యానికి ఒక పూట పట్టింది.

"ఆయప్ప పిలవలేదు అయ్యవారూ," అంది ఆమె, పోగుల మీంచి చూపు తిప్పకుండా. "రెండు దినాలుగా నాలిక తిరగలేదు. గుడ్డ తడిపి పెదాల మీద పెడతా ఉంటి. నీళ్ళు కావాలని నోరు తెరిచి పిలిచింటే నాకెంత బాగుండు! ఒక మాటన్నా మిగులును గదా."

పక్కింటి అలివేలమ్మ చేటలో కొర్రలు చెరుగుతూ అరుగు మీదికి వచ్చింది. "పిలవలేదని ఎట్ల అంటావు చౌడమ్మా? నాకు వినబడినట్టే ఉండె. సన్నగా, 'నీళ్ళు, నీళ్ళు' అని రెండు తూర్లు."

"ఇన్ని దినాలూ చెప్పకపోతివే అక్కా?"

"అప్పుడు గుర్తు లేదు. నిన్న చావడిలో పత్రిక సదివింటే విన్న్యా, అప్పుడు గుర్తుకొచ్చె. కండ్లలో నీళ్ళు తిరిగె, అమ్మతోడు." ఆమె గంగాధరం వైపు తిరిగింది. "ఎంత బాగా రాస్తివి నాయనా! ఉండేది ఉన్నట్టు."

అలివేలమ్మ అబద్ధం చెప్పడం లేదని అతనికి అర్థమైంది. ఆమె నిజంగానే విన్నది. తాను రాసిన పిలుపు ఆమె చెవిలోకి వెళ్ళి, మూడు నెలలు వెనక్కి నడిచి, ఆ రోజులో కూర్చుంది. ఇక దాన్ని అక్కడి నుంచి లేపడం ఎవరి తరమూ కాదు.

సోమవారం సెలవు చీటీ రాసి అతను చిత్తూరు బస్సెక్కాడు. బొగ్గుతో నడిచే బస్సు. ప్రతి ఎత్తు దగ్గరా ఆగింది. ఆగినప్పుడల్లా క్లీనరు దిగి వెనక ఉన్న కొలిమి చక్రం తిప్పాడు. పదిన్నరకు చేరవలసినవాడు, ఒళ్ళంతా మసితో ఒంటిగంటకు నూలు పంపకం చూసే ఆఫీసు మెట్లెక్కాడు.

ఆఫీసరు యాభై దాటిన మనిషి. కోస్తా వైపు నుంచి వచ్చినవాడు. గంగాధరం పేరు వినగానే కుర్చీ చూపించాడు.

"మీరేనా? మా ఇంట్లో ఆ పత్రిక తెప్పిస్తామండీ. మా ఆవిడ మీ కథ చదివి అన్నం మానేసింది."

గంగాధరం వచ్చిన పని చెప్పాడు. ఆఫీసరు శ్రద్ధగా విన్నాడు.

"అంటే ఇల్లు నిజం, మగ్గం నిజం, జబ్బు నిజం. నీళ్ళు అడగడం ఒక్కటే కల్పన."

"అవునండి."

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. మీ కథలో నాకు పేలవంగా అనిపించింది ఆ ఇల్లూ మగ్గమూనే. ఎవరో చూపిస్తుంటే రాసుకున్నట్టు ఉంది. ఆ నీళ్ళ చోటుకి వచ్చేసరికి చెయ్యి మారింది. 'ఒక్క నాడె వేసి వస్తా' అన్న మాట ఊహకు అందేది కాదండీ. ఎవరో ఎక్కడో అని ఉండాలి. మీరు వినైనా ఉండాలి."

గంగాధరం మోచేతికి అంటిన బొగ్గుమసిని తుడుచుకున్నాడు.

"ఊహించానండి," అన్నాడు.

"సరే. ఆ మాట ఎక్కడ పుట్టిందో మీ పెద్దసెట్టికి నచ్చచెప్పండి. ఆయన మళ్ళీ సంతకం పెట్టి పంపితే కార్డు మార్చడం నాకు ఐదు నిమిషాల పని. వచ్చే నెల నూలు రాకముందే పంపాలి. నాకు మటుకు కల్పన అని చెబితే చాలదు. కల్పన ఇంత బాగుండదు."

తిరుగు ప్రయాణంలో బస్సు ఆగినప్పుడు అందరూ దిగి నీడకు చేరారు. అతను మాత్రం సీట్లోనే కూర్చున్నాడు.

బుధవారం బడి వదిలాక అతను అరుగు మీద పలకలు సర్దుతుంటే చౌడేశ్వరమ్మ వచ్చింది. చంకలో గంప ఉంది. చెంగల్రాయుడి ఇంట్లో చుట్టిన కండెలను ఇంకొక ఇంటికి చేరవేస్తోంది. గంప దించి స్తంభం పక్కన నిలబడింది.

"చిత్తూరు పోయినారంట గదా. ఏమన్యారు?"

"పెద్దసెట్టికి నచ్చచెప్పమన్నారు."

"చెప్తారా?"

"చెప్తాను. అది కల్పన అని రాసి కూడా ఇస్తాను."

"కల్పనంటే?"

"లేనిది... మనసులో పుట్టింది."

ఆమె గంపలో కండె ఒకటి వదులైతే వంగి దారం బిగించింది. తర్వాత, రోజూ మాట్లాడుకునే సంగతి చెప్పినట్టు చెప్పింది.

"జ్ఞానాంబమ్మ పోయినపొద్దు ఒళ్ళు కడిగేదానికి నన్నే గదా పిలిపిస్తిరి. మంచం కాడ చెంబు లేదు. చూస్తే మీ బల్ల మీద ఉండె, కాగితాల పక్కన. నిండా నీళ్ళు ఉండె. ఆయమ్మ నాలిక పిడచగట్టుకపోయి ఉండె. పెదాలు పగిలి ఉండె. మంచం పట్టీ మీద గోళ్ళతో గీరిన గుర్తులు ఉండె."

గంగాధరం చేతిలోని పలకలను కింద పెట్టాడు.

"నేను ఆ చెంబు తీసకపోయి నీళ్ళు పారబోసి, తోమి, మంచం కింద పెడితి. నలుగురూ వచ్చేలోపల."

"ఎవరికైనా చెప్పావా?"

"ఎందుకు చెప్తా? పోయినామె తిరిగొస్తాదా? మీ బతుకు మీరు బతకల్ల గదా." ఆమె గొంతు పెరగలేదు. "కథ సదువుతా ఉంటే ఆ కాడికి వచ్చినాక నాకు తెలిసె. ఇది నాది గాదే, ఆయమ్మది గదా అనుకుంటి. మీది మీరు రాసుకోండి. నా మీద ఎందుకు రాస్తిరి?"

ఆ మధ్యాహ్నం అతను రాసుకుంటున్నాడు. వేరే కథ, చివరి పేజీ. జ్ఞానాంబ లోపలి నుంచి నీళ్ళు అడిగింది. "ఒక్క వాక్యం, రాసి వస్తా" అన్నాడు. మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే అన్నాడు. మధ్యలో లేస్తే వాక్యం తెగుతుందని భయం. ఆ వాక్యం పూర్తయింది. దాని తర్వాత ఇంకొకటి కూడా పూర్తయింది. తర్వాత నెలల తరబడి ఆ సంగతిని దాటుకుంటూ తిరిగి, చివరికి ఇంకొకరి మగ్గం గుంతలో దాన్ని దించాడు. రాసిన రోజు చెయ్యి పరుగెత్తింది. దాన్నే ఊహ అనుకున్నాడు. ఊహకు ఇంత బలం ఉంటుందా అని మురిసిపోయాడు కూడా.

"సెట్టికి ఒక్క మాట చెప్తే చాలు," అంది చౌడేశ్వరమ్మ. "మీరు చెప్తేనే. నేను చెప్తే, కార్డు కోసరం చచ్చిపోయినామె మీద సాకు పెడతాండాదంటారు. అందుకని చెప్పను. ఎప్పుటికీ చెప్పను."

గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దుపొడుపున గంగాధరం నేతవీధికి వెళ్ళాడు. వీధి పొడుగునా పడుగు సాగదీసి ఉంది. ఆ చివర గుంజకు, ఈ చివర గుంజకు మధ్య వందల పోగులు బిగుతుగా నిలిచి ఉన్నాయి. పెద్దసెట్టి గంజిలో కుంచె ముంచి, పోగుల మీద ఒకే ఒత్తిడితో దువ్వుతూ వెనక్కి నడుస్తున్నాడు. గంగాధరం పడుగుకు ఇవతలి పక్క అతనితో పాటు నడిచాడు.

"సెట్టిగారూ, చౌడమ్మ తప్పేమీ లేదు. ఆ నీళ్ళ ముక్క నేను కల్పించింది. ఇదిగో, రాసి తెచ్చాను."

పెద్దసెట్టి కాగితం తీసుకోలేదు. చేతులకు గంజి ఉంది. "అంచు యాడిది?"

"వాళ్ళ ఇంటిది."

"రేకు?"

"వాళ్ళ ఇంటిదే."

"మరి ఈ మాట ఎవురింటిది అయ్యవారూ? దారం లేకుండా నేను జానెడు గుడ్డ నెయ్యలేను. మీరు మాత్రం ఏమీ లేకుండా నేసినానంటారు. నేనెట్ల నమ్మేది?"

అడగడంలో ఎత్తిపొడుపు లేదు. పెద్దసెట్టి నిజంగానే తెలుసుకోవాలనుకున్నాడు. కుంచె పైకెత్తి పట్టుకుని ఎదురుచూశాడు. కుంచె కొస నుంచి గంజి బొట్లు బొట్లుగా మట్టిలో పడింది. అవతలి అరుగు మీద అలివేలమ్మ కళ్ళాపి చల్లడం ఆపింది. చెంగల్రాయుడి గుమ్మంలో రాట్నం చప్పుడు కూడా ఆగింది. అక్కడ కండెలు చుట్టేది ఎవరో గంగాధరానికి తెలుసు.

అతను నోరు తెరిచాడు. ఆ మాట చిన్నది. పిల్లలకు రెండో తరగతిలో చెప్పే పాఠంలో కూడా అంతకంటే పెద్ద వాక్యాలు ఉంటాయి.

"బిన్నా చెప్పండి. గంజి ఆరిపోతాది," అన్నాడు పెద్దసెట్టి.

"ఊహించాను," అన్నాడు గంగాధరం.

పెద్దసెట్టి అతన్ని ఒక క్షణం చూసి, తల ఆడించి, కుంచె దించాడు. "కాయితం ఆ అరుగు మీద పెట్టి పోండి. ఎండినాక చూస్తా."

రాట్నం మళ్ళీ మొదలైంది.

తర్వాతి నెల నూలు వచ్చింది. చెంగల్రాయుడు రెండు కార్డుల మీదా తెచ్చుకున్నాడు. గంగాధరం రాసిచ్చిన కాగితాన్ని పెద్దసెట్టి జాగ్రత్తగానే దాచాడు. అయ్యవారు జాలిగుండె మనిషి, ఆడమనిషిని కాపాడాలని తన రాతను తానే కాదనుకున్నాడని వీధిలో చెప్పుకున్నారు. పత్రిక నుంచి పోస్టుకార్డు వచ్చింది. పాఠకులు బాగా మెచ్చారనీ, జీవితంలోంచి తీసిన అటువంటి కథ మరొకటి వెంటనే పంపమనీ రాశారు. ఆ కార్డుకు అతను జవాబు రాశాడు, పంపుతానని.

చౌడేశ్వరమ్మ ఇంకా మరిది ఇంట్లో కండెలు చుడుతోంది. వీధిలో ఎదురైతే పక్కకు తొలగి, "బాగుండారా అయ్యవారూ" అని అడిగి వెళుతుంది.

జ్ఞానాంబ నీళ్ళడిగిన సంగతి అతను ఇంకా ఎవరికీ చెప్పలేదు.